కిందికి జారిన గాంధారం

"మీ గురువుగారు ఎవరమ్మా?" అని అడుగుతారు కచేరీకి పిలిచినవాళ్ళు. పరిచయంలో చెప్పాలట. "ఉప్పునీళ్ళండీ" అంటాను. నవ్వేసి మళ్ళీ అడుగుతారు. అదేమిటో, నిజం చెబితే ఈ మనుషులకు ఆనదు. అబద్ధం అల్లేంత ఓపిక నాకు లేదు. ఒకసారి మొత్తం రాసి పడేస్తే ఆ గొడవ వదులుతుందని కూర్చున్నాను.

మాది పోర్ట్ బ్లెయిర్ దగ్గర వండూరు. సిప్పీఘాట్ పొలాలు దాటుకుని వచ్చిన బస్సు ఇంక వెళ్ళడానికి చోటు లేక సముద్రం ముందు ఆగిపోతుంది. ఆ ఆగిన చోటికి దగ్గర్లోనే నాన్న కిరాణా కొట్టు, వెనకాల మా ఇల్లు. అమ్మ వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మావయ్య. కార్ నికోబార్ దీవిలో బడి మాస్టారు. సెలవులకు ఓడ దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. ఆయన హార్మోనియం మాత్రం ఏడాది పొడుగునా మా దగ్గరే ఉండేది.

"ఓడ గాలికి పెట్టి పాడైపోద్దక్కా. నీ కాడ భద్రంగా ఉంటాది" అనేవాడు. ఎంత భద్రంగా ఉందో చెబుతాను.

మావయ్య వచ్చిన సాయంత్రాల్లో అరుగు మీద చాప పరిచేవాళ్ళం. ఆయన ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో మెట్లు నొక్కేవాడు. అమ్మ చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ పాడేది. ఊరికే కూర్చుని పాడమంటే ఆమెకు పాట వచ్చేది కాదు. "నానేమైనా రాణీనేటి, కాళ్ళు బారజాపుకుని పాడ్డానికి?" అనేది. చేట చప్పుడే తాళం. ఒక వరుస అమ్మ పాడితే, పై వరుస మావయ్య అందుకోవాలి. అది వాళ్ళ చిన్నప్పటి వాడుక. నేను పెట్టెకు చెవి ఆనించి పడుకునేదాన్ని. లోపల గాలి తిరుగుతున్న చప్పుడు వినబడేది, దాని మీద పాట, ఇంకా దూరంగా సముద్రం. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియక అలాగే నిద్రపోయేదాన్ని. నా సంగీతం మొదలైందంటే ఆ నిద్రలోనే మొదలైందని నా నమ్మకం.

మావయ్యతో బస్సులో వస్తుంటే ఇంకో ముచ్చట. వానాకాలం సిప్పీఘాట్ పొలాల దగ్గరికి రాగానే కిటికీ తెరవమనేవాడు. పొలాల నిండా కప్పలు. "ఇను కోడలా! ఇన్ని కప్పలుండీ అందరికీ ఒకటే శృతి. మనింట్లో నలుగురున్నాం, ఎవరి గోల వాళ్ళది" అని నవ్వేవాడు. నేను తడిసిపోతూ వినేదాన్ని.

తర్వాత ఆ ఆదివారం పొద్దున భూమి ఊగింది. గిన్నెలు దొర్లాయి, కొట్లో సీసాలు పగిలాయి. కాసేపటికి సముద్రం వెనక్కి పోయిందని ఎవరో అరిచారు. "భాగో! పానీ ఆ రహా హై!" అని ఏ భాషవాళ్ళైనా అదే కేక. గుట్ట మీదికి పరిగెత్తాం. పైనుంచి చూస్తే నీళ్ళు కొబ్బరిచెట్ల మధ్య నుంచి మా వీధిలోకి నడిచి వచ్చినట్టే వచ్చాయి. నాకు అదంతా ఇప్పటికీ చప్పుడు లేకుండానే గుర్తొస్తుంది. అందరూ ఏడుస్తూనే ఉండి ఉంటారు. నా చెవులు అప్పుడేం చేస్తున్నాయో మరి.

నీళ్ళు దిగాక చూస్తే కొట్టు లేదు. ఇంటి గోడలు ఉన్నాయి. వంటింటి గుమ్మానికి అడ్డంగా, నాచు చుట్టుకుని, హార్మోనియం ఉంది.

మేం ప్రాణాలతో ఉన్నాం. మావయ్య కబురే తెలియలేదు. కార్ నికోబార్ నుంచి జనాన్ని తెస్తున్నారంటే చాలు, అమ్మ విమానాశ్రయానికి పోయేది, ఓడ వచ్చిందంటే జెట్టీకి పోయేది. నేను కొంగు పట్టుకుని వెంట ఉండేదాన్ని. ఒకరోజు మావయ్యతో కలిసి పనిచేసిన మాస్టారు ఒకాయన ఓడ దిగి, అమ్మను గుర్తుపట్టి, రెండు చేతులూ పట్టుకున్నాడు. "బడీ ఒడ్డునే, మా క్వార్టర్లూ ఒడ్డునే కదా దీదీ" అన్నాడు.

అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి చేట తీసి బియ్యం చెరిగింది. తాళం అదే. పాట రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ నెలంతా రాలేదు. నాకు భయం పట్టుకుంది. మావయ్య మీద బెంగ కన్నా పెద్ద భయం అది. ఆయనతో పాటు అమ్మ గొంతు కూడా వెళ్ళిపోయిందేమో, ఇంక జన్మలో వినబడదేమో అని. దాన్ని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియదు.

నాన్న పోర్ట్ బ్లెయిర్ వైపు ఆస్టినాబాద్‌లో రేకుల గది ఒకటి అద్దెకు తీసుకున్నాడు. సామాన్లు సర్దుతూ, "ఈ పెట్టి ఇంక దేనికీ పనికిరాదు, పారేద్దాం" అన్నాడు. నేనే మోసుకొచ్చాను.

ఇక్కడ మా దీవి వాళ్ళ అలవాటొకటి చెప్పాలి. ఉప్పునీళ్ళు తగిలిన వస్తువు ఏదైనా సరే, మంచినీళ్ళతో కడిగి ఎండబెడతాం. చెప్పులైనా అంతే, సైకిలైనా అంతే, గోడ గడియారమైనా అంతే. మాకు తెలిసిన వైద్యం అదొక్కటే. కాబట్టి నేనేం చేశానంటే, ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడి తెచ్చుకున్న బిందెడు నీళ్ళు పెట్టి హార్మోనియానికి తలంటు పోశాను. మూత విప్పి, లోపలి ఇత్తడి నాలుకలన్నీ పాత పళ్ళబ్రష్షుతో తోమాను కూడా.

నాన్న వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏటే, తాగే నీళ్ళతో పెట్టికి స్నానం చేయిస్తున్నావా? దిమాగుందా నీకు? పౌడరు కూడా రాయకపోయావా!"

ఎండాక చెక్క ఉబ్బింది, తిత్తి ఆయాసపడింది. కొన్ని మెట్లు ఎంత నొక్కినా ఊపిరే తప్ప స్వరం లేదు. బతికిన వాటిలో 'స', 'రి' బాగానే ఉన్నాయి. 'గ' మాత్రం పైకి ఎక్కలేక దారిలోనే చతికిలబడేది. అది నాకేం తెలుసు? పెట్టె ఏం చెబితే అదే సంగీతం అనుకున్నాను. బడి నుంచి రాగానే దాని ముందు కూర్చుని, అమ్మ పాటలన్నీ ఒక్కొక్కటే తవ్వి తీసుకున్నాను. గొంతును ఆ 'గ' దగ్గరికి దించి అక్కడే కట్టేశాను. పక్క గదిలో ఉండే బెంగాలీ దీదీ అప్పుడప్పుడూ తలుపులోంచి తొంగి చూసి, "కిత్‌నా దర్ద్ హై!" అని, గొంతులో ఎంత బాధ పలుకుతోందో అన్నట్టు కళ్ళు ఒత్తుకునేది. అదంతా నా ప్రతిభే అనుకున్నాను. అమ్మ మాత్రం నేను పెట్టె తెరవగానే బట్టలు ఉతకడానికి బయటికి వెళ్ళిపోయేది.

నా సొంత పాట ఒకటి కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. నాన్న వండూరులో కొట్టు మళ్ళీ లేపుతున్నాడు, సెలవు రోజున అన్నం క్యారియరు పట్టుకుని నేను వెళ్ళేదాన్ని. సిప్పీఘాట్‌లో నేల కుంగిపోయి, సముద్రం పొలాల్లోకి వచ్చి అక్కడే కాపురం పెట్టేసింది. పోటు వచ్చినప్పుడు రోడ్డు మీదికి నీళ్ళొచ్చేవి. డ్రైవరు భయ్యా ఇంజను ఆపేసి, నీళ్ళు దిగేదాకా బీడీ కాల్చుకునేవాడు. ఎవరికీ తొందర ఉండేది కాదు. నేను కిటికీ తెరిచేదాన్ని. గట్లన్నీ నీళ్ళ కింద, ఆకాశమంతా నీళ్ళ మీద. ఎండిపోయిన చెట్ల మీద కొంగలు. కప్పల ఊసే లేదు, ఉప్పులో అవెక్కడ బతుకుతాయి? చక్రాలకు నీళ్ళు తగిలి వెనక్కి పోవడం మాత్రం వినబడేది. తగలడం, పోవడం. బస్సు నడుస్తోందో నీళ్ళే నడుస్తున్నాయో తెలియకుండా ఉండేది. ఒకరోజు అలా ఉండగా నా నోట్లోంచి ఒక వరుస వచ్చింది. మాటల్లేవు. కప్పలు ఆ కాలంలో పట్టుకున్న శృతిని గుర్తు తెచ్చుకుని దాని మీద పాడుకున్నాను. కళ్ళు మూసుకుంటే పక్క సీట్లో మావయ్య తడుస్తూ ఉన్నాడు. బస్సు కదిలినప్పుడు నాకెంత కోపం వచ్చిందో!

వినాయక చవితికి మన తెలుగువాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో పందిరి వేశారు. పిల్లల్ని పాడమన్నారు. ఇదే సమయం అనుకున్నాను. అమ్మా మావయ్యా పాడుకునే పాటే పాడాలి, అమ్మ ఉండబట్టలేక గొంతు కలపాలి. అదీ నా ఎత్తు. అమ్మను బతిమాలి తీసుకెళ్ళి ఆడవాళ్ళలో ముందు వరుసలో కూర్చోబెట్టాను.

హార్మోనియం మీద ఒక ముసలి మాస్టారు. మంచి పెట్టె, నిగనిగలాడుతోంది. మొదలుపెట్టాను. 'గ' రాగానే ఆయన చెయ్యి ఆగింది. "అమ్మడూ, గాంధారం జారిపోతోంది. కొంచెం పైకెత్తు" అని మెట్టు నొక్కి చూపించాడు. నేను నాదే పాడాను. ఆయన మళ్ళీ నొక్కాడు. నేను ఇంకా గట్టిగా కిందికి లాగాను. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ పెట్టే తప్పు పలుకుతోంది మాస్టారూ! బాగు చేయించుకోండి!" అన్నాను మైకులోనే.

పందిరంతా గొల్లున నవ్వింది. నేను అమ్మ వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. పరువు తీశాననుకున్నాను. ఇద్దరం ఇంటిదారి పట్టాం. అయిపోయింది, ఇంక అమ్మ నా పాట కూడా వినదు అనుకుని లోపల్లోపలే ఏడ్చాను.

మర్నాడు పొద్దున వాన. రేకుల మీద ఒకటే మోత. అమ్మ బయటికి వెళ్ళడానికి లేదు, వంటింటి మూల చేట పట్టుకుని కూర్చుంది. నేనూ మొండిదాన్నే. నాదే ఒప్పని నాకైనా తేలాలి కదా అని పెట్టె తెరిచాను. 'స', 'రి', 'గ' అని లాగాను.

చేట ఆగింది.

"అది కాదే" అంది అమ్మ.

"ఇదే. పెట్టెలో ఇదే ఉంది."

మళ్ళీ పాడాను. అప్పుడు మూలలోంచి ఒక 'గ' వచ్చింది. బొంగురుగా, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు. కానీ సరిగ్గా దాని చోటున నిలబడింది. తల తిప్పితే మళ్ళీ ఆగిపోతుందేమోనని తిప్పకుండా, కావాలనే ఇంకా కిందికి జార్చాను.

"అయ్యో రామా, కాదంటున్నానా!" అంటూ తవుడు చేతులతో వచ్చి పక్కన చతికిలబడి, ఆ మెట్టు మీద అరచెయ్యి కప్పేసింది. "దీని మాట ఇనకు. నా మాట ఇను."

'స', 'రి', 'గ' పాడింది. ఒంటరి 'గ' దగ్గర ఎవరైనా ఎంతసేపు ఆగుతారు? అది దానంతటదే పాటలోకి వెళ్ళింది. మొదటి వరుస మొత్తం పాడింది. అయిపోయాక, అలవాటుగా, పై వరుస కోసం ఆగింది. ఎవరూ అందుకోలేదు. రేకుల మీద వాన. అమ్మ నా వైపు చూసి, ఓడ రేవులో ఏడవని ఏడుపంతా అక్కడ ఏడ్చింది.

మావయ్య వరుస నేనే అందుకున్నాను. 'గ' జారింది. ఈసారి నిజంగానే జారింది.

"మళ్ళీ దించీసావ్!" అని ఏడుస్తూనే నా నెత్తి మీద మొట్టింది. ఏడుస్తూనే నవ్వింది. నా పక్కన కూర్చుని ఆ వరుస కూడా తనే పాడి చూపించింది.

కొన్నాళ్ళకు పందిరిలో వాయించిన ఆ మాస్టారే మా గది వెతుక్కుంటూ వచ్చాడు. నా మైకు మాట ఆయన మనసులో పెట్టుకోలేదు, పాపం. పెట్టె విప్పి చూసి, ఉప్పు తిన్న నాలుకను గోటితో తట్టి, "దీన్ని గీకి సరిచేస్తే చాలమ్మా, పిల్లకి చక్కగా పలుకుతుంది" అన్నాడు. నేను ఠక్కున అమ్మ వైపు చూశాను. ఆ నాటికి నాకు సరైన 'గ' ఎక్కడుంటుందో బాగా తెలుసు. అయినా రోజూ సాయంత్రం దాన్ని జార్చేదాన్ని, రోజూ అమ్మ వంటింట్లోంచి తిట్టుకుంటూ వచ్చేది. ఆమెకు ఆ సంగతి తెలియదనే అనుకుంటూ వచ్చాను.

అమ్మ ఆయనకు టీ గ్లాసు అందించింది.

"ఉండనియ్యండి మాస్టారూ" అంది. "అది బాగుపడిపోతే ఇంక నన్ను పాడమనీవోళ్ళెవరు?"