పట్టాభిరామయ్య ఊపిరితిత్తిలో మచ్చ

కృష్ణానగర్‌లో పట్టాభిరామయ్యని ఎరగనివాళ్లు లేరు గానీ, ఆయన్ని పది నిమిషాలు బతికుండగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. తెరమీద సంగతి చెబుతున్నాను. హీరో తండ్రిగా వస్తాడు, నాలుగు దగ్గులు దగ్గుతాడు, కొడుకు చేతిలో కూతురి చెయ్యి పెట్టి ప్రాణం విడుస్తాడు. గుడివాడ నాటకాల్లో తొడగొట్టి పద్యాలు పాడిన మనిషి ఫిలింనగర్‌కి వచ్చి పాడెమీద స్థిరపడ్డాడు. పైగా దానికో గర్వం. "నాలాగా చచ్చేవాడు ఇండస్ట్రీలో లేడు" అని టీకొట్టు దగ్గర చెప్పుకునేవాడు.

చావు వేషానికో ఆచారం ఉంది. సీను అయిపోగానే శవం లేచి కూర్చుని కెమెరా వంక చూసి నవ్వాలి. ఆ నవ్వు ఫిల్ము మీద పడితేగానీ కీడు పోదు. తొంభై ఆరులో ఒక సినిమాకి ప్రొడక్షన్ మేనేజర్ బసవపున్నయ్య, ఫిల్ము దండగని ఆ షాటు ఎగ్గొట్టించాడు. నెల తిరక్కుండా పట్టాభిరామయ్యకి నిజం దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో మచ్చ కనపడింది. బీడీల సంగతి ఆయనకి గుర్తు రాలేదు. ఎగ్గొట్టిన నవ్వే గుర్తొచ్చింది.

సీటీ స్కాన్‌లోనూ అది ఏ మచ్చో తేలలేదు. సూది గుచ్చి ముక్క తీద్దామంటే పక్కనే పెద్ద రక్తనాళం.

"ఎమ్మారై తీద్దామండీ" అంది డాక్టర్ ప్రేమకుమారి. "నరంలో మందు ఎక్కిస్తాం. క్యాన్సరైతే ఆ మందుని గబగబా పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది. పాత క్షయ గాయమైతే చాలావరకు నల్లగా పడి ఉంటుంది. దీన్నిబట్టే ఛాతీ కోయాలో వద్దో ఆలోచిద్దాం."

ఆయన భార్య నాగేశ్వరికి ఆ మాట విన్నప్పట్నుంచీ ముద్ద దిగలేదు.

క్యాన్సరేనట అని వార్త పాకేసరికి ఇండస్ట్రీ మాత్రం సుష్టుగా భోంచేసింది. ఇన్నేళ్లూ "ఒరే ముసలాయన్ని పిలవండ్రా" అన్న బసవపున్నయ్యే ఆ సినిమా పోస్టర్లమీద 'మహానటుడి ఆఖరి చిత్రం' అని వేయించాడు. కుర్చీ కూడా వెయ్యని డైరెక్టరు ఇంటికొచ్చి కళ్లు తుడుచుకున్నాడు. కొత్త సినిమాలో క్యాన్సర్ వచ్చిన జడ్జి వేషం, మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా బతికుండే వేషం ఇచ్చాడు. జబ్బు పేరు చెప్పగానే ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో మనుషులకి! పట్టాభిరామయ్య రోగం మరిచిపోయి డైలాగులు బట్టీ పట్టాడు.

స్కానింగ్ రోజు రానే వచ్చింది. మిషను నడిపే వెంకటనర్సయ్య ఆయన్ని గొట్టంలోకి పంపిస్తూ, "జర గట్లనే పండుకోండి సార్. ఊపిరి ఆపమంటే ఆపుండ్రి. కదిలితె బొమ్మ ఖరాబైతది" అన్నాడు.

కదలకుండా పడుకోవడం పట్టాభిరామయ్యకి చెప్పాలా! శవంకన్నా శవంలాగా పడుకున్నాడు. ఇంతలో మిషను టకటకమంటూ మోగింది. కెమెరా తిరుగుతోందని ఒళ్లే అనుకుందో, బాకీపడ్డ నవ్వు ఇప్పుడైనా నవ్వేస్తే కీడు పోతుందని ఆయనే అనుకున్నాడో, తల ఎత్తి, భుజం తిప్పి, నిండుగా నవ్వాడు. మచ్చ ఉన్న చోట బొమ్మంతా అలుక్కుపోయింది.

"ఎందుకు కదిలారండీ?" అంది డాక్టరు.

"నవ్వానమ్మా. మొహం పడిందా?"

"ఇది మొహాన్ని తీసేది కాదండీ" అని ఆమె నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఎక్కించిన మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగి మళ్లీ రమ్మంది.

"ప్రాణాలమీదికొచ్చినా పోజులేనా మీకు" అని నాగేశ్వరి దారిపొడుగునా తిట్టింది. ఇంటికెళ్లి దేవుడి ముందు కూర్చుని ఏడ్చింది.

రెండోసారి ఆయన నవ్వలేదు. మందు ఎక్కించినా మచ్చ వెలగలేదు. అంచు మాత్రం సన్నగా కనపడింది, లోపలంతా నలుపే. "పాత క్షయ మచ్చలాగే ఉందండీ. కోయనక్కర్లేదు. మూణ్ణెల్లకోసారి వచ్చి చూపించుకోండి, పెరగకపోతే ఇక ఫరవాలేదు" అంది ప్రేమకుమారి. నాగేశ్వరి ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.

మర్నాడు పట్టాభిరామయ్య సంబరంగా ఆఫీసుకి వెళ్లి చెప్పాడు. బసవపున్నయ్య మొహం మాడిపోయింది.

"సంతోషమండీ" అన్నాడు, ఎవరో పోయినట్టు. "పోస్టర్లు పడిపోయాయి కదా, అదీ ఇబ్బంది. ఆ జడ్జి వేషం కూడా, నిజంగా జబ్బున్న మనిషని మీకిచ్చారు డైరెక్టరుగారు. ఇప్పుడు వేరేవాళ్లని చూస్తామంటున్నారు. పోనీ, ఇంకోచోట ఇంకోసారి తీయించకూడదూ? ఏమో, ఏం తేలుతుందో."

ఎంత బరితెగింపు! చెప్పు తీసుకుని కొట్టాల్సిన మాట. పట్టాభిరామయ్య కొట్టలేదు సరికదా, ఆ మాటని భద్రంగా ఇంటికి మోసుకొచ్చాడు.

"ఏమే," అన్నాడు ఆఫీసు సంగతంతా చెప్పి, అన్నం కలుపుతూ, "ఇంకోసారి తీయిస్తే ఎలా ఉంటుందంటావ్? మిషన్లన్నీ ఒక్కలాగే చెప్తాయా ఏం?"

ఆ గొంతులో ఉన్నది భయమైతే నాగేశ్వరి ధైర్యం చెప్పి ఉండేది. ఉన్నది ఆశ. ఆమె గరిటె కింద పెట్టింది.

"వాళ్లకైతే మీరు చావడం కావాలి. మీక్కూడానా?"

పట్టాభిరామయ్య కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాడు.

"వేషం బాగుందే" అన్నాడు చివరికి, తల దించుకుని.