పర్వా ఉంది

మా గావ్ అన్నకు లోకంలో ఒకే ఒక్క మాట గిట్టదు. ఆ మాట "పర్వాలేదు".

తైనాన్‌లో ఆ మాట లేకుండా పొద్దు గడవదు. స్కూటరుతో గుద్దినవాడూ అదే అంటాడు, గుద్దించుకున్నవాడూ అదే అంటాడు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగి కూడా గావ్ అన్న ఆ మాట తన నోట రానిచ్చేవాడు కాదు, ఇంకొకరి నోట వస్తే ఊరుకునేవాడూ కాదు. ఒకసారి బస్సులో ఒకావిడ అన్న కాలు తొక్కి, "అయ్యో, క్షమించండి" అంది. అన్న ఎంతో మర్యాదగా, "నొప్పిగానే ఉందండీ. మీమీద కోపం మాత్రం లేదు" అన్నాడు. ఆవిడ తర్వాతి స్టాపులోనే దిగిపోయింది.

మంగలి దగ్గరా ఇదే తంతు.

"కుడివైపు కాస్త ఎక్కువ పోయింది సార్. పర్వాలేదుగా?"

"పర్వా ఉంది."

"మరిప్పుడేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యొద్దు. పర్వా ఉందని మీకు తెలిస్తే చాలు."

ఆ నెలంతా ఒకవైపు బోడిగా, ఒకవైపు గుబురుగా, తల నిటారుగా ఎత్తుకుని తిరిగాడు. మాకే తల ఎత్తుకోలేనంత పనయింది.

మేం చేరే చోటు యూనివర్సిటీ వెనక సందులోని చేపగంజి కొట్టు. నడిపే పిన్ని నా గిన్నె చూసి, "ఇంకో గరిటె వెయ్యనా అమ్మాయ్?" అంటే నేను మొహమాటంగా "పర్వాలేదు పిన్నీ" అనేదాన్ని. వెంటనే పక్కనుంచి గావ్ అన్న అందుకునేవాడు.

"ఏం పర్వాలేదు? కావాలా? వద్దా?"

"ఒరే పిల్లలూ, నా కొట్లో ఆ మాట అనకండర్రా," అని పిన్ని చేతులు జోడించేది. "ఈయన పాఠం మొదలెడితే గంజి చల్లారిపోతుంది. మళ్లీ వేడి చెయ్యలేక చస్తున్నా."

ఇంతకీ మేం ఎవరమో చెప్పలేదు కదూ. మా విద్యార్థులంతా కబుర్లాడుకునే కంప్యూటర్ బోర్డు ఒకటుండేది, పేరు దక్షిణ ద్వారం. లినక్స్ కంప్యూటర్ల నుంచి అందులోకి వెళ్లడానికి మేం కొందరం కలిసి ఒక ప్రోగ్రాం రాసుకుని దానికి పిచ్చుక అని పేరు పెట్టుకున్నాం. బుర్ర గావ్ అన్నది, నోరు జ్వాంగ్‌ది. మెనూల్లోనూ బొత్తాల మీదా కనిపించే మాటలు రాసే పని నాది. పిచ్చుకలో ఒక లోపం ఉండేది. మనం కొట్టిన ప్రతి అక్షరం, పాస్‌వర్డ్‌తో సహా, కవరు లేని కార్డులా తీగ మీద వెళ్లేది. హాస్టల్లో అదే తీగ మీద ఉన్నవాళ్లు ఎవరైనా కాస్త తెలివి ఉపయోగిస్తే చదివేయవచ్చు. ఆ సంగతి మాకు తెలుసు. ఎవరు చూడొచ్చారులే అని ఊరుకున్నాం.

బోర్డులో "కొత్తగా వచ్చినవాళ్లు" అనే విభాగాన్ని పెయ్-రు అనే అమ్మాయి చూసుకునేది. చాలా మెత్తని పిల్ల. ఇల్లు విడిచి వచ్చి బెంగపెట్టుకున్న పిల్లలకు ఓపిగ్గా జవాబులు రాసేది. ఎవరో ఆమె పాస్‌వర్డ్ కాజేసి, ఆమె పేరుతోనే ఆ పిల్లల్ని పేరుపేరునా వెక్కిరిస్తూ రాసిపెట్టారు. ఎవరి యాస ఎలా ఉందో, ఎవరి చెప్పులు ఎంత అరిగాయో అన్నీ ఉన్నాయి అందులో. తను రాయలేదని పెయ్-రు చెప్పింది. సాక్ష్యమేదీ అన్నారు. విభాగం ఆమె చేతిలోంచి పోయింది. క్యాంటీన్‌లో ఆమె బల్ల దగ్గర కూర్చునేవాళ్లే లేకపోయారు.

"ఎలా ఉన్నావు?" అని మేం అడిగితే, నవ్వడానికి ప్రయత్నిస్తూ "పర్వాలేదులే" అంది.

గావ్ అన్న పక్కనే ఉన్నాడు. ఇక పాఠం మొదలవుతుందని నేను భయపడ్డాను. అన్న పాఠం జోలికే పోలేదు. మర్నాడే పిచ్చుకలోని ఆ లోపం సరిచేసే పని మొదలుపెట్టాడు.

దక్షిణ ద్వారం వాళ్లు రహస్య మార్గం ఒకటి ఎప్పుడో తెరిచిపెట్టారు. అందులోంచి వెళ్లడం పిచ్చుకకే చేతకాదు. ముందు అవతలివాడు నిజంగా దక్షిణ ద్వారమేనా అని వాడి వేలిముద్ర, అంటే వాడికొక్కడికే ఉండే పొడవాటి అక్షరాల వరుస, చూడాలి. ఆ తర్వాత ఇద్దరికే తెలిసిన రహస్యం ఒకటి కుదుర్చుకోవాలి. అప్పుడు గానీ మాట కలపకూడదు. అన్న ఇవన్నీ నేర్పుతుంటే పిచ్చుక మొండికేసేది. ఒకరోజు కదలకుండా బిగుసుకుపోయేది, ఇంకోరోజు అక్షరాలను సగానికి విరిచి తెర మీద పోసేది.

"సగం అక్షరాలైనా అర్థమవుతోంది కదా, పర్వాలే..." అనబోయాడు జ్వాంగ్.

"నీకు సగం జీతమిస్తే అర్థమవుతుంది," అన్నాడు అన్న. అక్షరాలు నిండుగా వచ్చేదాకా కుర్చీ వదల్లేదు.

అసలు గొడవ బొత్తాం దగ్గర వచ్చింది. వేలిముద్ర కలవకపోతే ఏం చెయ్యాలి? అన్ని ప్రోగ్రాముల్లాగే మనమూ ఒక హెచ్చరిక చూపించి, కింద "పర్వాలేదు, లోపలికి పోనీ" అనే బొత్తాం పెడదామని జ్వాంగ్ అన్నాడు. నేను ఆ మాటలు రాసి కూడా ఉంచాను.

"బొత్తాం ఉండదు," అన్నాడు అన్న.

"అన్నా, జనం తిడతారు! పిచ్చుకను వదిలేసి పోతారు!"

"పోనీ."

"మరి లోపలికి వెళ్లలేనివాడు ఏం చెయ్యాలి?"

"నాకు ఫోన్ చెయ్యాలి."

హాస్యమనుకున్నాం. కాదు. కలవని వేలిముద్రను తెర మీద చూపించి, దాని కింద "ఇది దక్షిణ ద్వారం కాకపోవచ్చు. ఆగండి. గావ్‌కు ఫోన్ చేయండి" అని నా చేతనే రాయించి, తన నంబరు పెట్టించాడు. కొత్త పిచ్చుకను వదిలిన దగ్గర్నుంచి అన్న ఫోను మోగుతూనే ఉంది. గడియారంలో తేదీ తప్పుగా పెట్టుకున్నవాడు, పాత పిచ్చుకను పట్టుకు వేలాడేవాడు, అన్నను తిట్టడానికే చేసేవాడు. అందరితోనూ అన్న ఓపిగ్గా వేలిముద్ర చదివించుకునేవాడు. అసలుది ఆయనకు కంఠతా వచ్చు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గంజి తాగుతుండగా ఫోన్ వచ్చింది.

"గావ్ అన్నా, పెయ్-రుని. భోంచేస్తున్నారా? పర్వాలేదు, మళ్లీ చేస్తాను..."

"పెట్టెయ్యకు. తెర మీద ఏముందో చదువు."

మొదటి రెండు అక్షరాలకే అన్న చెంచా కింద పెట్టాడు.

"ఇంకోసారి చదువు తల్లీ. నెమ్మదిగా."

"నేనే ఏదో తప్పు చేసుంటానన్నా, నాకివన్నీ..."

"తప్పు నీది కాదు. పాస్‌వర్డ్ కొట్టావా?"

"కొట్టనిస్తేగా! మీ పిచ్చుక తలుపే తియ్యలేదు."

నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని అన్న పెయ్-రు ఉండే అమ్మాయిల హాస్టలుకు పోనిచ్చాడు. మెట్ల కింద బీరువాలో, తీగల గుబురులో, ఎవరిదో తెలియని చిన్న కంప్యూటరు వెలుగుతూ కనిపించింది. నేనే దక్షిణ ద్వారాన్నని అందరితో చెప్పుకుంటూ, మధ్యలో కూర్చుని వింటోంది.

"పిల్లలెవరో ఆటకి పెట్టుంటారు, పర్వాలేదు, తీసేయిస్తాను," అంది వార్డెన్.

"పర్వా ఉంది!" అన్నాడు గావ్ అన్న. ఆ గొంతు అంత పెద్దదని నాకు అంతవరకు తెలియదు.

బోర్డు వాళ్లు ఆ కంప్యూటరు తెరిచి చూస్తే, కాజేసిన పాస్‌వర్డుల్లో పెయ్-రుది కూడా ఉంది. ఆ రాతలు కూడా అక్కడినుంచే పోయాయి. అది పెట్టినవాళ్ల సంగతి యూనివర్సిటీ చూసుకుంది. పెయ్-రు రాయలేదని బోర్డు మొదటి పేజీలోనే ప్రకటించి, విభాగం ఆమెకు తిరిగి ఇచ్చారు. క్యాంటీన్‌లో కొత్త పిల్లలు కంచాలు పట్టుకుని, సిగ్గుపడుతూ, ఒక్కొక్కరే ఆమె బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు.

తర్వాత ఆమె మమ్మల్ని పిన్ని కొట్టుకు పిలిచి గంజి తాగించింది.

"అన్నా, అందరూ అంత తిడుతున్నా ఆ బొత్తాం ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది.

గావ్ అన్న గిన్నెలోకి చూస్తూ, "పెడితే మొదట నొక్కేది నువ్వేగా," అన్నాడు.

పెయ్-రు నవ్వింది. నవ్వుతూనే తల దించుకుంది. "నిజమే అన్నా. నాకు అస్సలు బాగాలేదు అప్పుడు. అన్నం కూడా సహించేది కాదు," అంది. ఇక ఆగకుండా అంతా చెప్పుకొచ్చింది. అన్న చెంచా పక్కన పెట్టి విన్నాడు. ఇన్నాళ్లూ చాదస్తమనుకుని నవ్వుకున్నాం గానీ, ఆ మాట వెనక మనుషులు ఏం దాచుకుంటారో మాలో ఆయనొక్కడికే పట్టిందని నాకప్పుడు అర్థమైంది. నాకు ఆయనంటే ఎంత ఇష్టమో కూడా అప్పుడే తెలిసింది.

పిన్ని వచ్చి అన్న గిన్నె ముట్టుకుని చూసింది.

"చల్లారిపోయింది. వేడి చేసి తేనా?"

"పర్వాలేదు పిన్నీ," అన్నాడు గావ్ అన్న పరధ్యానంగా.

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. జ్వాంగ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పిన్ని గరిటె నడుముకు ఆనించి నిలబడింది.

"ఏం పర్వాలేదు? కావాలా? వద్దా?"

అన్న చెవులు ఎర్రబడ్డాయి.

"కావాలి," అన్నాడు.