క్యాష్‌బ్యాక్‌కు ఎర్ర బటన్ లేదు

నేను నడిపే మగ్గం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మా సూరత్ కార్ఖానాలో పచ్చ బటన్ నొక్కితే మగ్గం నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ఆ అలవాటుతోనే ఫోన్‌లో క్యాష్‌బ్యాక్ అంటూ మెరిసిన పచ్చ బటన్ నొక్కాను. యాభై రూపాయలొచ్చాయి. వాటితో ఇక్కడి శనగపిండి టిఫిన్ లోచో వేడి వేడిగా కొని, నా పిన్ నంబరు తెలిసిన రూమ్ దోస్తుకు సగం పెట్టాను.

తర్వాత నెలనెలా ఖాతాలో తొంభై తొమ్మిది మాయమవుతుంటే వాడినే దొంగ అన్నాను. వాడు మాట్లాడటం మానేశాడు. తీరా బ్యాంకులో అడిగితే, ఆ పచ్చ బటన్‌తో నేను చేరిన సభ్యత్వానికే డబ్బు పోతోందన్నారు.

"తప్పైందిరా. దీన్ని ఆపే ఎర్ర బటన్ ఏడుందో జర చూడు" అన్నాను.

"ఆపుత గని, ముందుగాల నా వాటా లోచో తేపో!" అన్నాడు.

నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు వాడికి సగం పెట్టలేదు, మొత్తం నేనే తిన్నాను.