బాగుండాను సార్

మా పక్కింటి ఫైరింజనాయన ఎవరింటికి పోయినా ముందు దిండ్లు, పరుపులు అరచేత్తో నొక్కి చూసేవాడు. "లోపల కాలుతాందేమో అక్కా" అనేవాడు. ఆదోనిలో పత్తి మిల్లు అంటుకున్నప్పుడు, ఆరిపోయిందనుకున్న బేళ్లలోనుంచి మళ్లా మంట లేచి, ఆయన జతగాడు కండ్ల ముందరే కాలిపోయినాడు. అప్పటినుంచి ఫైరింజను గంట మోగితే చాలు, ఆయనకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

ఉద్యోగానికి పనికిరాడని కర్నూలు డాక్టర్లు రాసిస్తే పింఛను వస్తుందన్నారు. పెండ్లామే పిలుచుకొని పోయింది. పెద్ద డాక్టరు నవ్వుతా, "ఎట్లుండావప్పా?" అన్నాడంట. ఈయన చేతులు కట్టుకొని, "మీ దయ సార్, బాగుండాను" అన్నాడంట. ఒంటి మీద చూస్తే యాడా గాయం లేదు. డ్యూటీ చెయ్యొచ్చని రాసి పంపించినారు.

"అట్లెందుకంటివి?" అని ఆయమ్మ బస్సులో ఏడిస్తే, "అంత పెద్దాయన మర్యాదగా అడిగినాడు. బాగలేనని మొగం మీద ఎట్ల సెప్పేదే?" అన్నాడంట.

మర్నాడు ఆయమ్మ మొగుని ఖాకీ ప్యాంటు పట్టుకొని మా ఇంటికి, నా కుట్టుమిషను కాడికి వచ్చింది. "సోమవారం నుంచి మళ్లా పోవాలంటక్కా. నడుము కాడ నిలబడల్యా, జారిపోతాంది. బెత్తెడు లోపలికి కుట్టి ఇయ్యి" అనింది.