మూడు రాళ్లు, ఒక తంగేడు రెమ్మ

మా చిన్నప్పుడు చెంగిచెర్ల గుట్టకు పోయే రోజు తలకు నూనె రాసుకోనిచ్చేవాడు కాదు మా పెద్దబాపు... అంటే మా బాపుకు అన్న. నూనె వాసనకు తేనెటీగలు మీదికి లేస్తాయట. పెద్దమ్మ నా జడ విప్పి నూనె గిన్నె ముందు పెట్టుకోగానే వచ్చి గిన్నె లాగేసేవాడు. ఆడపిల్లకు ఈ తేనె, వేట ఏమిటని ఇంట్లో అందరూ గొణిగేవాళ్లు. ఆయన వింటేగా!

ముందు ఆయన... వెనక నెత్తిన గంపతో నేను. గంపలో పిడకలు, పచ్చి వేపాకు. దారి పొడుగునా పాఠాలే. వేటకు గాలికి ఎదురు నడవాలి, లేకపోతే నీ వాసన నీకంటే ముందు పోతుంది. ఈగ కుడితే దాన్ని కొట్టొద్దు, ముల్లును గోటితో గీరి తీసేయాలి. తుట్టెలో తేనె ఉన్న మూల మాత్రమే కోయాలి, పిల్లలున్న భాగం ముట్టొద్దు. కుందేళ్లకు వల వేసినప్పుడు కడుపుతో ఉన్నది పడితే వదిలేసి వచ్చేవాడు. ఆ పూట మాకు పచ్చిపులుసే... పెద్దమ్మ తిట్లు అదనం.

అన్నింటికంటే పెద్ద పాఠం గురుతు. ఇంకా తేనె పట్టని తుట్టె కనిపిస్తే, దాని కింద మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి పైన తంగేడు రెమ్మ పెట్టాలి. ఇక ఆ తుట్టె ముందు చూసినవాళ్లది. రెమ్మ ఎండి రాలిపోయినా సరే, వాళ్లు వచ్చేదాకా ఊళ్లో ఇంకెవరూ దాన్ని ముట్టరు.

ఒకసారి చేతికందే ఎత్తులో, తేనెతో బరువుగా వేలాడుతున్న తుట్టె కనిపించింది. కింద ఎవరివో మూడు రాళ్లు. ఎవరూ చూడట్లేదు కదా, కోసేద్దాం అన్నాను.

"సూస్తే ఆగుడు, సూడకుంటే తీసుడు... గదేం బతుకు బిడ్డా? వెట్టినోడు లేకున్నా గురుతు ఉన్నది గద."

నోరూరుతుండగా ఉత్త గంపతో ఇంటికొచ్చాం.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు గుట్ట కింద మా చెలకలో రాళ్లు వెలిశాయి. కందులు, ఆముదాలు వేసుకునే చెలక... ఇంటిల్లిపాదీ ఒక పెళ్లికి పోయి వచ్చేసరికి వరసగా హద్దురాళ్లు పాతేసి ఉన్నాయి. తెల్ల సున్నం, దాని మీద ఎర్ర రంగుతో అంకెలు. బాపు గడ్డపార అందుకున్నాడు. పెద్దబాపు అడ్డం నిలబడ్డాడు.

"ఎవరిదో గురుతది. తెల్వక వెట్టిన్రేమో. అడగకుంట పీకుడు మన ఇంట్ల లేదు."

అడగడానికి అన్నదమ్ములిద్దరూ ఉప్పల్ చుట్టూ తిరిగారు. ఒక ఆఫీసులో సారు లేడు... ఇంకో చోట రేపు రమ్మన్నారు. ఆ రేపులన్నీ అయ్యేసరికి వానాకాలం గడిచిపోయింది, రాళ్ల చుట్టూ ప్రహరీ లేచింది. చివరికి ప్లాట్లు అమ్మే పెద్దమనిషి దొరికాడు. మీ భూమే అయితే పాతిన రోజే పీకేవాళ్లు కదా, ఇన్నాళ్లూ ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టే అన్నాడట... కుర్చీలోంచి లేవకుండా. మా మర్యాదనే తెచ్చి మా మీద సాక్ష్యంగా నిలబెట్టాడు. పక్క చెలకవాళ్లు వాళ్ల రాళ్లను రాత్రికి రాత్రే పీకి పారేశారు. వాళ్ల భూమి వాళ్లకే మిగిలింది.

"నీ గురుతులే మన చెలకను మింగినయ్" అన్నాడు బాపు, ఒక్కసారే. తర్వాత నాచారంలో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. చనిపోయేదాకా అన్నతో మనసిచ్చి మాట్లాడలేదు. గుట్టనేమో కంకర కోసం పగలగొట్టుకుపోయారు.

ఇప్పుడు నేను ఉండేది నాచారంలోనే, ఒక అపార్ట్‌మెంట్‌లో. మొన్న ఎండాకాలం మా వాటర్ ట్యాంకు కింద తుట్టె పట్టింది. అసోసియేషన్ గ్రూపులో ఒకటే గోల... పెద్దబాపును పిలిపించాను. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, తుట్టెను చూసి ఎన్నేళ్లకో నవ్వాడు. ఆదివారం పొద్దుగూకినాక పొగ పెట్టి తేనె మటుకు తీస్తానన్నాడు. పిల్లలు ఎదిగాక, వానలకు ముందే అవే లేచిపోతాయట. సెక్రటరీ సరేనన్నాడు. దిగబోతూ అలవాటు కొద్దీ మూడు గ్రానైట్ ముక్కలు ఏరి తుట్టె కింద పేర్చాడు. తంగేడు లేదు కదా... నా కుండీలోని మందార కొమ్మ పెట్టాడు.

శుక్రవారం నేను ఆఫీసులో ఉండగా మందు కొట్టించేశారు. ఎవరింటికో చుట్టాలు వస్తున్నారట, టెర్రస్ కావాలట.

ఫోన్లో సంగతి చెప్పాను. అయినా ఆదివారం పెద్దబాపు వచ్చాడు... తలకు నూనె లేకుండా, పిడకల సంచితో, ఉప్పల్‌లో బస్సు మారి. టెర్రస్ నిండా చచ్చిన ఈగలు. తుట్టెలో తెల్లటి పిల్లలు ఎక్కడివక్కడే చచ్చి ఉన్నాయి. గ్రానైట్ ముక్కలను ఎవరో కాలితో తన్నేశారు, ఒకటి నీళ్ల పైపు దగ్గర పడి ఉంది. ఆయన మూడింటినీ ఏరుకున్నాడు.

"ఇవేందని ఒక్కలన్న అడిగిన్రా బిడ్డా?"

అడగలేదన్నాను.

"మనమైతే అడిగినం" అని, ఆ ముక్కలు నా చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

అవి ఇప్పుడు మా బాల్కనీలో ఉన్నాయి. ఏమిటివి అని మా అమ్మాయి రోజూ అడుగుతోంది. చెబితే నేర్చుకుంటుంది... నేర్చుకుంటే, పెద్దబాపులాగే పోగొట్టుకుంటుందేమోనని భయం. మీ ఊళ్లో కూడా "ఇది వేరేవాళ్లది, ముట్టొద్దు" అని చెప్పే గురుతులు ఏవైనా ఉండేవా? ఉంటే కింద రాయండి... వాటిని మీ పిల్లలకు నేర్పారో లేదో, అది కూడా.