లేని వేళ్లలో జివ్వుమన్న మధ్యాహ్నం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం, చిత్తూరు దగ్గర మా ఊళ్లో బెల్లం వండే రోజుల్లో, నా కుడిచేయి చెరుకు గానుగలో పడింది. నేను గడలు అందిస్తుండగా ఎవరో పిలిస్తే తల తిప్పాను, అంతే. మా ఆయన ఎద్దులను నిలిపేసరికి చిటికెన వేలూ ఉంగరం వేలూ నలిగిపోయాయి. బండిలో పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. మత్తు ఇచ్చి ఆ రెండు వేళ్లూ తీసేశారు.

ఆ మత్తు దిగినప్పటి నుంచి మూడు రోజులు నాకు కునుకు లేదు. కన్ను మూస్తే చాలు, చేయి మళ్లీ గానుగలోకి పోతున్నట్టుండేది. తుళ్లిపడేదాన్ని. కట్టు కదిలి నొప్పి భుజం దాకా పాకేది. నొప్పికని వేసిన మందు వాంతులు తెప్పించింది, దాన్ని ఆపేశారు.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె యుద్ధకాలంలో సిపాయిల ఆస్పత్రిలో పనిచేసి వచ్చిందని నర్సులు చెప్పుకునేవారు. నా మెడ కింద కుడిపక్కన, భుజానికి పోయే ఎముకకు పైన వేలితో నొక్కి చూసింది.

"చేతికి పోయే నరాలన్నీ ఈ దారినే పోతాయి. ఇక్కడ మందు వేస్తే చేయి తిమ్మిరెక్కుతుంది. నొప్పి తెలియదు, నిద్ర పడుతుంది" అంది.

నాకు తోడుగా ఉన్నది మా అత్త. ఎవరికీ జంకని మనిషి, ఆ రోజు మాత్రం డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "నరం సచ్చిపోతే మళ్లా వస్తాదా తల్లీ? ఇది వంట సేసుకోవల్ల, కలుపు తీయల్ల."

"రెండు గంటలే అమ్మా. తర్వాత అదే తిరిగొస్తుంది."

నా భయం వేరు. ఆ పొద్దున్నే, కుళ్లిన కాలు మోకాలి దాకా తీసేసిన మనిషిని మోసుకుపోతుంటే చూశాను. నా చేయి కూడా మొత్తం తీసేయడానికే నన్ను నిద్రపుచ్చుతున్నారని అనుకున్నాను. డాక్టరమ్మను అడగడానికి నోరు రాలేదు. అత్త కొంగు పట్టి లాగి చెవిలో చెప్పాను.

"అత్తా, నా సెయ్యి ఇడవద్దు. నేను నిద్రపోతే కోసేస్తారు."

"ఈడనే ఉంటా మే. యాడికీ పోను" అంది.

సూది దిగింది. "కదలొద్దు. వేళ్లలో జివ్వుమంటే చెప్పు" అంది డాక్టరమ్మ. ముందు ఏమీ తెలియలేదు. సూదిని కొంచెం వెనక్కి తీసి మళ్లీ లోపలికి పోనిచ్చింది. ఉన్నట్టుండి జివ్వుమంది. తీసేసిన ఆ రెండు వేళ్ల కొసల్లో!

"లేని ఏళ్లల్లో..." అన్నాను.

"అదే సరైన చోటు" అని మందు ఎక్కించింది.

చేయి వెచ్చబడింది, బరువెక్కింది, ఆపైన నాది కాకుండా పోయింది. అంతలో అత్త కేక పెట్టింది: "అమ్మా, దీని కన్ను వాలిపోతాండాది సూడు!" నా కుడి రెప్ప సగం మూసుకుపోయింది. ఈ మందుకు ఒక్కొక్కరికి అలా అవుతుందనీ, అదీ పోతుందనీ డాక్టరమ్మ చెబుతుండగానే నాకు నిద్ర పట్టేసింది.

లేచేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. కుడివైపు చేయి ఉన్నట్టే లేదు. గట్టిగా అరిచాను.

"ఇదో మే, ఉండాది, సూడు!" అత్త నా చేతిని పైకెత్తి చూపించింది. నా బొటనవేలూ చూపుడువేలూ ఆమె రెండు గుప్పిళ్ల మధ్య ఉన్నాయి. కంటికి కనిపిస్తున్నాయి గానీ ఆమె స్పర్శ నాకు తెలియడం లేదు. కోయలేదు సరే, ఇక ఇది చచ్చిన చేయేనేమో అనుకున్నాను. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి బొటనవేలు చిమచిమలాడింది. తర్వాత నొప్పి వచ్చింది. నేను మూలిగితే అత్త పైకి చూసి దణ్ణం పెట్టింది.

మర్నాడు అదే వేళకు సూది వేయమని నేనే అడిగాను. భయం పోయి కాదు, నిద్ర కోసం. ఈసారి నాకంటే ముందే అత్త తల మంచం పట్టె మీద వాలిపోయింది. అన్ని రోజులూ ఆమె కూడా నిద్రపోలేదని నాకు అప్పుడుగానీ తట్టలేదు. ఎవరైనా కత్తి పట్టుకుని వస్తే ఈమెకు మెలకువ వస్తుందా అని తలుపు వైపే చూస్తూ కళ్లు మూశాను.

మూడోసారి తర్వాత సూది లేకుండానే నిద్ర పట్టింది. మిగిలిన మూడు వేళ్లతో సంగటి కెలకడం ఉగాది నాటికి నేర్చుకున్నాను.