నేను ఆపేసిన గొంతు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను మొహం మీదే వెక్కిరించే రకం నేను. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లందరి దగ్గరా అలాంటివి ఒకటో రెండో ఉంటాయి. నా దగ్గర ఉండేవి కావు. ఇది కూడా ఎవరినో భయపెట్టాలని రాయడం లేదు. నా మీద నాకున్న కోపంతో రాస్తున్నాను.

ఆకివీడు దగ్గర మా అన్నయ్యకు రొయ్యల చెరువు ఉండేది. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నన్ను చదివించిందీ, పెళ్లి చేసిందీ తనే. నిరుడు వానాకాలంలో ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ సోకి ఏలూరు ఆస్పత్రిలో చేరాడు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి పది రోజులే ఉంది. "చిట్టీ, మబ్బు పట్టిన రోజు మాత్రం చెరువు మీద కన్నేసి ఉంచరా" అని అంబులెన్సు ఎక్కుతూ కూడా చెప్పాడు. నా పేరు సత్తిబాబు. చిట్టీ అని పిలిచేది అన్నయ్య ఒక్కడే.

మబ్బు రోజుల్లో చెరువులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. నీళ్లను చిలికే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి, లేకపోతే రొయ్య చచ్చిపోతుంది. మాది పాత డీజిల్ జనరేటర్, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. చెరువుల మీద బతికేవాళ్లం ఏరేటర్ల మోతలో హాయిగా నిద్రపోతాం, మోత ఆగితే దిగ్గున లేస్తాం. అన్నయ్య అయితే అన్నం ముందు నుంచి ఎంగిలి చేత్తోనే పరుగెత్తేవాడు.

నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

ముప్పై ఎనిమిదేళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, ఫోన్‌లో తుపాకీ ఆట ఆడేవాణ్ణి. ఎక్కడెక్కడి వాళ్లమో నలుగురం ఒక జట్టు, ఆడుతూనే ఇయర్‌ఫోన్లలో మాట్లాడుకునేవాళ్లం. రోజుకు ఏడు గంటలు ఆడుతున్నానని ఆ ఫోనే చూపించేది. ఖాళీగా ఉన్నప్పుడే కదా అని బుకాయించేవాణ్ణి. పచ్చి అబద్ధం. మా ఆవిడ చెప్పీ చెప్పీ ఊరుకుంది.

అన్నయ్య ఆస్పత్రిలో ఉండగా ఒక మధ్యాహ్నం మూడు గంటలకు చెరువు షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. బయట దట్టంగా మబ్బు. మా జట్టు గెలిచేలా ఉంది. అప్పుడు ఇయర్‌ఫోన్లలో "చిట్టీ, మోత ఆగిపోయిందిరా" అని బొంగురు గొంతు వినిపించింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచేసరికి, జట్టులో ఎవడో ఆటపట్టిస్తున్నాడని చిర్రెత్తి, స్పీకర్ బటన్ నొక్కి అందరి గొంతులూ ఆపేశాను. ఆటలో నా పేరు వేరు. చిట్టి ఎవరో వాళ్లకు తెలియదు కదా అన్న ఆలోచనే రాలేదు.

ఆట ముగిశాక ఇయర్‌ఫోన్లు తీశాను. చెరువు మీద చప్పుడు లేదు. కరెంటు ఎప్పుడు పోయిందో! జనరేటర్ వేసేసరికి గట్టు పొడవునా రొయ్యలు తెల్లబడి పడి ఉన్నాయి. పిచ్చివాడిలా దోసిళ్లతో ఎత్తి లోపలికి విసిరాను.

సాయంత్రం వదినకు ఫోన్ చేశాను. నేను నోరు విప్పకముందే తను అందుకుంది.

"మూడింటప్పుడు మీ అన్నయ్య చెయ్యి ఒకటే తిప్పేశారు సత్తిబాబూ, జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్నట్టు. గొంతులో గొట్టం ఉంది కదా, మాట రాదు. ఆఖరికి నర్సమ్మ వచ్చి ఆయన చెయ్యి మంచానికి కట్టేసింది."

మూడో రోజున అన్నయ్య పోయాడు. చెరువు సంగతి తనకు చెప్పాల్సిన పని తప్పింది. అందుకు లోపల ఊరట కూడా కలిగింది. అంత నీచుణ్ణి నేను.

కర్మకాండ అయ్యాక జట్టులోని తాడేపల్లిగూడెం అతనికి మెసేజ్ పెట్టాను, ఆ రోజు నన్ను పిలిచిందెవరని. నేనెప్పుడూ చూడని మనిషి. వెంటనే ఫోన్ చేశాడు.

"మాలో ఎవరం కాదండీ. మీ మైకులోంచే వచ్చిందండీ, మీ ఇంట్లో పెద్దాయన అనుకున్నాం. మీరు సౌండ్ ఆపేశాక కూడా ఆట అయ్యేదాకా పిలుస్తూనే ఉన్నారండీ. చివర్లో చెరువు మాటే వదిలేశారు. 'జనరేటర్ దగ్గర షాక్ కొట్టిందా చిట్టీ, ఒక్కసారి పలకరా' అని ఏడ్చారండీ."

గొట్టం వేసిన గొంతులోంచి ఆ మాటలు ఆకివీడు దాకా ఎలా వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు. నేనెందుకు పలకలేదో మాత్రం తెలుసు. ఆ ఆట మేమే గెలిచాం.